నలభై వేషాలు, నాలుగు నిమిషాలు

“మానవజాతి చరిత్రలో ఆలస్యానికి చోటు లేదు!”

ఈ మహావాక్యాన్ని ఝటితి టెక్నాలజీస్ వారి బీదర్ దగ్గరి నౌబాద్ శాఖ మేనేజరు శ్రీహరి గారు ఒక సోమవారం పదిగంటల మీటింగులో ప్రకటించారు. పదిగంటల మీటింగు పదకొండున్నరకు మొదలైంది. శ్రీహరి గారితో పాటే ఆలస్యం కూడా లోపలికొచ్చింది. తనకు చోటు లేదని విని కూడా ఏమీ అనుకోకుండా, ఓ మూల సర్దుకుని కూర్చుంది.

“హెడ్డాఫీసు నుంచి కాయితమొచ్చింది,” అన్నారు శ్రీహరి గారు. “మన పరీక్షలు మూడు గంటలు నడుస్తున్నయట. ఈ మూడు నెలల్ల వేగం పెరగకపోతే నౌబాద్ శాఖ బంద్! అందరు హైదరాబాద్ రావాలె. రానోళ్ళు రాజీనామా రాయాలె.”

చాయ్ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ కమలాబాయికి ‘బంద్’ అన్న మాట ఒక్కటే వినిపించింది. పదకొండు కప్పులూ ఒకేసారి గలగలమన్నాయి.

కమలాబాయికి అరవై మూడేళ్ళు. ఇప్పటికి ఆమె మూడు చోట్ల ఆఖరి కప్పులు కడిగింది. మొదట నూలు మిల్లు క్యాంటీను, తర్వాత పైపుల ఫ్యాక్టరీ, ఆ తర్వాత ఒక ట్యుటోరియల్ కాలేజీ. మూడూ మూతపడ్డాయి. మూతపడ్డ ప్రతిసారీ జనం చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, “పోయొస్తం కమలమ్మా” అన్నారు. పోయారు. వచ్చిన వాళ్ళు లేరు. పెనిమిటి జీవరాజ్ కూడా అంతే. ఉల్లిగడ్డల లారీ ఎక్కి మన్నాఏఖేళ్ళి అంగడికి పోతూ, “గిప్పుడే వస్త, చాయ్ పెట్టు” అన్నాడు. ఆమె చాయ్ పెట్టింది. ఇరవై రెండేళ్ళ కిందటి ఆ చాయ్ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు.

బడి మొహం చూసిన మనిషి కాదు. చర్చిలో పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళు పాడుతున్న మాట మీద వేలు పెట్టి తెలుగు పట్టుకుంది. బస్సు బోర్డుల మీద కన్నడం, బిస్కెట్ పొట్లాల మీద ఇంగ్లీషు అక్షరాలు. చదవడం వచ్చిన నాటి నుంచి అదే ఒక జబ్బయింది. కంటబడ్డదల్లా చదువుతుంది. మందుసీసా, కరెంటు బిల్లు, మిర్చి కట్టిచ్చిన పేపరు ముక్క, ఏదీ వదలదు. ఆఫీసులో ఆమె చాయ్ గదికి ఒక కిటికీ ఉంది. కిటికీకి ఎదురుగా గోడంత తెర. ఆ తెరమీద పొద్దున్నుంచీ అక్షరాలు పాకుతుంటాయి. కమలాబాయి వాటన్నిటినీ చదువుతుంది. జీతాలు తీసుకుంటున్న పదకొండు మందీ చదవరు.

తెర మీద జరిగేదేమిటో సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన ఇంజనీరు నితీష్ ఆమెకు ఎప్పుడో చెప్పాడు.

“కమలమ్మా, పగటివేషగాళ్ళను చూసినవా?”

“చూడకేం! శివుని వేషం కట్టినోడు మా ఇంటి ముందట బీడీకి నిప్పడిగిండు.”

“గిది గట్లనే. కంప్యూటరు ఒక్కటే. ఇంకో కంప్యూటర్ వేషం కడ్తది. నలభై తీర్ల వేషాలు. లోపల నడిచే ప్రోగ్రాంకు అది వేషమని తెల్వదు. నిజం యంత్రంలనే ఉన్న అనుకుంటది.”

“పాపం! ఎవ్వలు చెప్పరా?”

“చెప్తే పడిపోతది.”

ఈ వేషాల ప్రోగ్రాం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అయితే ఎక్కడ ఎవరు ఏ అక్షరం దిద్దినా, నలభై వేషాలనూ ఒక్కొక్కటిగా నిద్రలేపి చూడాలి. సరిగా లేచిన వేషం తెర మీద ‘లాగిన్’ అని అడుగుతుంది. అంటే ‘నీ పేరేమిటి?’ అని. తర్వాత పక్కన పచ్చటి ‘పాస్’ పడుతుంది. అప్పుడు రెండో వేషం. ఈ నిద్రలేపే కాంట్రాక్టు ఝటితి వాళ్ళది. మీట నొక్కితే చాలు, మనిషి ప్రమేయం లేకుండా అంతా దానంతటదే జరిగిపోతుంది. దానంతటదే జరిగిపోయే ఆ పనికి నౌబాద్‌లో పదకొండు మంది ఉద్యోగులున్నారు!

నలభై వేషాలూ లేచేసరికి సరిగ్గా మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఊరికే పోయేవి కావు. నితీష్ బ్యాంకు పరీక్షకు చదువుకునేవాడు. రష్మి ఫోనులో చీరలమ్మేది. మిగతావాళ్ళు దేశం ఎటు పోతోందో మాట్లాడుకునేవారు. వేషాలను లేపే ఫైలు అందరి ముందరా బాహాటంగా పడి ఉండేది. కాని అందరూ చూడగలిగినదాన్ని ఎవరూ చూడరు, ఊరినడుమ మురికిమోరీ లాగా. పైగా ఆ ఫైలు నెత్తిన ‘నడుస్తున్నది, ముట్టుకోవద్దు’ అని రాసి ఉంది. ఈ వృత్తిలో దీన్ని మించిన ధర్మసూత్రం లేదు. నడుస్తున్నదాన్ని ముట్టుకున్నవాడు, అది ఆగిపోతే జవాబుదారీ!

సరే, వేగం పెంచే ఉద్యమం మొదలైంది.

మొదటి చర్యగా ‘వేగమే మా ఊపిరి’ అని ఒక బోర్డు రాయించారు. పెయింటరు ఖండప్ప దానికి తొమ్మిది రోజులు తీసుకున్నాడు. రెండో చర్యగా ఆరుగురితో వేగసంఘం ఏర్పడింది. సంఘం మొదటి సమావేశం ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి నాలుగుసార్లు సమావేశమైంది. మూడో చర్యగా సర్వరు మొహాన్ని ఈశాన్యానికి తిప్పారు. వైరు అందక రెండు రోజులు కరెంటే లేదు. నాలుగో చర్యగా హైదరాబాదు నుంచి కొత్త సర్వరు తెప్పించి, కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది.

“చూసిండ్రా! రెండు నిమిషాలు కొట్టేసినం!” అన్నారు శ్రీహరి గారు.

మర్నాడు మళ్ళీ నొక్కితే మూడు గంటలే అయింది.

ఈ రోజుల్లో కమలాబాయికి నిద్ర లేదు. ఎవరిని చూసినా పోతున్నట్టే కనబడేవారు. చాయ్‌లో చక్కెర దానంతటదే ఎక్కువ పడేది.

“ఏం కమలమ్మా, చాయ్ పోస్తున్నవా, పాకం పోస్తున్నవా?” అంది రష్మి.

“తాగు బిడ్డా. హైదరాబాద్‌ల ఎవ్వలు పోస్తరో, పొయ్యరో.”

“నేనింకా పోలేదమ్మా!”

“గట్లనే అంటరు అందరు.”

దిగులు తట్టుకోలేక ఆమె ఒక పని పెట్టుకుంది. తెర మీద ఒక్కొక్క వేషం లేవడం మొదలవగానే, అది క్షేమంగా లేవాలని ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేది. మొత్తం అరనిమిషం. ఆమె ‘ఆమెన్’ అనేసరికి తెర మీద ‘లాగిన్’ పడేది. ఆ తర్వాత ఆమె పొయ్యి వెలిగించి, నీళ్ళు మరిగించి, ఆకు వేసి, పాలు పోసి, వడగట్టేసరికి పచ్చటి ‘పాస్’ పడేది. ఒకటి కాదు, రెండు కాదు, నలభై వేషాలదీ ఇదే వరస. ఆమెన్‌కు లేవడం, చాయ్‌కి పాసవడం.

ఆమెకు ఇందులో వింతేమీ కనబడలేదు. వాళ్ళింట్లో ఆనవాయితీ ఒకటుంది. బయలుదేరి లేచినవాణ్ణి లేచినట్టే పంపరు. మళ్ళీ కాసేపు కూర్చోబెట్టి, చెంబుడు నీళ్ళిచ్చి పంపుతారు. జీవరాజ్ ఆ రోజు నీళ్ళు తాగకుండానే లారీ ఎక్కాడు. కాబట్టి యంత్రాలకు కూడా ఈ మర్యాద నేర్పిన వాళ్ళెవరో మంచి కుటుంబీకులే అనుకుంది.

మూడు నెలల గడువుకు నాలుగు రోజుల ముందు హెడ్డాఫీసు నుంచి తనిఖీకి అర్చిత మేడం దిగింది. హైదరాబాదులో అద్దాల మేడలు లేచినంత వేగంగా పైకి లేచిన మనిషి. ఆమె కంటి నుంచి ఒక్క లైను కూడా తప్పించుకోలేదని పేరు. ఆ పేరును ఆమె స్వయంగా అందరికీ చెప్పింది.

గోడంత తెర కనబడే మీటింగు గదిలో అందరూ నోటు పుస్తకాలు తెరిచి, ఏమీ రాయకుండా కూర్చున్నారు.

“సమయం ఎక్కడ పోతోంది శ్రీహరి గారూ?”

“నలభై వేషాలు మేడం. ఒక్కొక్కదానిది ఒక్కొక్క స్వభావం. పైగ బీదర్ ఎండలు...”

“సర్వరు ఏసీలో ఉందిగా?”

“ఏసీ ఎండల ఉన్నది మేడం.”

అర్చిత మేడం కళ్ళజోడు తీసింది. కళ్ళజోడు తీస్తే ఎవరిదో ఉద్యోగం పోతుందని ప్రతీతి. “కారణం తెలియకపోతే ఇవాళే శాఖ మూసివేతకు రాసేస్తాను.”

కమలాబాయి ఆమె ముందు కప్పు పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కు రాలేదు.

“మేడం, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకుండ్రి.”

“కమలమ్మా, నువ్ పో!” అన్నారు శ్రీహరి గారు.

“పోతే మల్ల రాను సారు, అందుకే గిప్పుడే అడుగుత.” ఆమె తెర వైపు చూపించింది. “గా వేషగాడు లేచినంక గూడ ఎందుకు కూసోబెడ్తున్రు మేడం? నేను ప్రార్థన ఒడగొట్టి ఆమెన్ అనేసరికి వాడు లేస్తుండు. పేరడుగుతుండు. అటెన్క నేను చాయ్ మరిగిచ్చి వడగట్టేదాక పాస్ పడ్తలేదు. నలభై మందికి గట్లనే. మర్యాదకేమో అనుకున్న. గని మర్యాద కోసం దఫ్తరే మూస్తమంటిరి. గట్లయితే జర మర్యాద తగ్గియ్యరాదుండ్రి?”

ఎవరో నవ్వబోయి, కళ్ళజోడు బల్లమీదే ఉందని చూసి మానుకున్నారు.

నితీష్ మాత్రం నవ్వలేదు. గబగబా వేషాలను లేపే ఫైలు తెరిచాడు. ‘ముట్టుకోవద్దు’ దాటి కిందికి పోయాడు. గోడంత తెర మీద అందరికీ కనబడింది: లాగిన్ వచ్చాక ఆగు, రెండువందల నలభై సెకండ్లు.

“మేడం!” నితీష్ గొంతు కీచుగా వచ్చింది. “వేషం అరనిమిషంల లేస్తాంది. మనమే నాలుగు నిమిషాలు ఆగుమంటున్నం. నలభై నాలుగుల నూట అరవై! మూడు గంటలల్ల రెండు గంటల నలభై నిమిషాలు యంత్రం ఉత్తగ కూసుంటాంది!”

“మీరంతా ఏం చేస్తున్నారు?”

“అది కూసున్నదా లేదా అని చూస్తున్నం మేడం.”

“ఆ లైను తీసేస్తే?”

“ఇరవై నిమిషాలు. ఒక్క లైను మేడం!”

“దేవునికి స్తోత్రం!” అంది కమలాబాయి. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు! ఆమెకు గదిలోని పదకొండు మొహాలూ ఒకేసారి స్థిరంగా కనబడ్డాయి. ఒక్క మొహం తప్ప. శ్రీహరి గారి మొహం నుంచి చెమట దిగుతోంది.

“ఎవరు రాశారీ లైను?” అంది అర్చిత మేడం.

ఈ వేషాల లోకంలో ఒక చెడ్డ అలవాటుంది. ఏ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరు చూసి సరే అన్నారో, అన్నీ దాని వెనక ఉంటాయి. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు లాగా, ఒకసారి పడ్డ పేరు కొట్టివేయడం కుదరదు. రష్మి వేళ్ళు ఆమె బుర్ర కంటే చురుకు. మీట నొక్కేసింది. ఆరేళ్ళ కిందటి తారీఖుతో, మొదటి ఉద్యోగిగా ఒంటరిగా ఈ శాఖ తెరిచిన మనిషి పేరు గోడంత అక్షరాలతో వచ్చింది.

శ్రీహరి.

పక్కన ఒక వివరణ: ‘యంత్రం స్థిమితపడేందుకు.’

శ్రీహరి గారు లేచి నిలబడ్డారు. ముప్పై సెకండ్లలో సరిగ్గా లేచారు.

“నేనే పెట్టిన! కావాల్నని పెట్టిన! మనోళ్ళ చూపు ఎంత చురుకున్నదో ఆరేండ్ల సంది పరీక్ష చేస్తున్న. ఇయ్యాల కమలమ్మ పాసయింది. చప్పట్లు!”

ఆయనే కొట్టారు.

“చప్పట్లు తర్వాత,” అంది అర్చిత మేడం. “ఆరేళ్ళు! కంపెనీని మోసం చేసి, ఉత్తి కాలాన్ని పనిగా చూపించి, మనుషుల్ని పెంచుకున్నారు. ఇటువంటి లైను నా కంటపడి ఉంటే ఆనాడే...”

“మేడం,” అంది రష్మి మెల్లగా. “దానికింద ఇంకొకటున్నది.”

“చదువు.”

“చదవమంటరా?”

“చదవమన్నానుగా!”

“‘ప్రతి అక్షరం చూశాను. చక్కని జాగ్రత్త. ఆమోదించడమైనది.’” రష్మి ఆగింది. “‘అర్చిత.’”

అందరూ తెరిచి ఉన్న నోటు పుస్తకాల్లోకి తల వంచి, మొదటిసారి ఏదో రాయసాగారు.

“మేడం, చాయ్ సల్లారుతాంది,” అంది కమలాబాయి.

అర్చిత మేడం చాయ్ తాగింది. తాగడానికి సరిగ్గా నాలుగు నిమిషాలు పట్టింది. కప్పు కింద పెట్టేసరికి ఆమె పూర్తిగా స్థిమితపడింది.

“శ్రీహరి గారూ, యంత్రానికి స్థిమితం అవసరమేగా?”

“ప్రాణావసరం మేడం.”

“ఉన్నపళంగా తీసేస్తే?”

“దడుసుకుంటది మేడం.”

“గని మేడం, ఇరవై నిమిషాలల్ల...” అన్నాడు నితీష్.

“ఇరవై నిమిషాల పనికి నౌబాద్‌లో పదకొండు మంది ఎందుకని రేపు పైవాళ్ళు అడుగుతారు. నువ్వు చెప్తావా?”

నితీష్ కూర్చున్నాడు. పక్కన రష్మి ఫోను బోర్లించింది.

కమలాబాయికి అప్పుడర్థమైంది. నెమ్మదిగా ఉంటే మూస్తారు. వేగమైనా మూస్తారు! ఇంతకాలం వీళ్ళందరినీ ఒక్కచోట పట్టి ఉంచింది ఆ ఒక్క లైనే. దాన్ని తన నోటితోనే బయటపెట్టింది. ఇక నాలుగో చోట కూడా ఆఖరి కప్పులు కడగాల్సిందే. చెవుల్లో ‘పోయొస్తం కమలమ్మా’ వినబడసాగింది.

“పైవాళ్ళు అడిగింది వేగం పెరగాలని,” అర్చిత మేడం కళ్ళజోడు పెట్టుకుంది. “ఎంత పెరగాలో అడగలేదు. ప్రతి మూడు నెలలకూ పది సెకండ్లు తగ్గిద్దాం. రిపోర్టులో దీన్ని దశలవారీ త్వరణ ప్రణాళిక అందాం.”

“అద్భుతం మేడం!” అన్నారు శ్రీహరి గారు. ఈసారి పదకొండు మందీ చప్పట్లు కొట్టారు.

ఆ విధంగా మూడు గంటల పరీక్ష రెండు గంటల యాభై మూడు నిమిషాలకు దిగింది. హైదరాబాదులో ఒక హోటలు హాలులో సభ జరిగింది. శ్రీహరి గారికి శాలువా కప్పారు. “ఆలస్యమనే శత్రువును పది సెకండ్లు వెనక్కి తరిమినం!” అని ఆయన గర్జించారు. ట్రాఫిక్కు వల్ల సభ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. అర్చిత మేడం ఇంకో అంతస్తు పైకి పోయింది. కమలాబాయికి ‘చురుకైన చూపు’ అని ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ఆమె దాన్ని మొత్తం చదివింది, అట్టడుగున చిన్నక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరుతో సహా.

ఆ రాత్రి ఆమె వేళ్ళు మడిచింది. రెండువందల నలభై సెకండ్లు. మూడు నెలలకు పది. అంటే ఇరవై నాలుగుసార్లు. ఆరేళ్ళు! ఆరేళ్ళ దాకా ఎవ్వరూ ‘పోయొస్తం’ అనరు. దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయింది.

మూడోసారి పది సెకండ్లు తగ్గించి, కేకు కోసిన మర్నాడు, నితీష్ చాయ్ గదికొచ్చాడు. చంకలో లాప్‌టాప్ ఉంది.

“కమలమ్మా, నాకు మనసున పడ్తలేదు.”

“కేకు పడలేదా బిడ్డా?”

“కేకు కాదు. గా లైను. లోకమంత చూసే ఫైలుల గంత అబద్ధం పెట్టుకొని కేకు తింటున్నం. నువ్వు సదువురాని... అంటే, బడికి పోని దానివి. నువ్వు సక్కగ ఒక్క ముచ్చట అడిగినవ్, నిజం బయటపడ్డది. నాకు సిగ్గయితాంది. గిప్పుడే తీసేస్త.”

“తీసేస్తే?”

“ఏమైతది? శాఖ మూస్తరు. నేను హైదరాబాద్ పోత. మిగిలినోళ్ళు గూడ పోతరు. నీకు చెప్పి పోదామని వచ్చిన. పోయొస్త కమలమ్మా.”

అతను నిలబడే లాప్‌టాప్ తెరిచాడు. వేలు మీట మీదికి పోయింది.

కమలాబాయి ఆ మీటనే చూసింది. జన్మలో అబద్ధమాడని మనిషి. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

“బిడ్డా, ఫైలు నెత్తిన ఏం రాసున్నది? జర సదువు.”

“‘నడుస్తున్నది, ముట్టుకోవద్దు.’”

“పెద్దలు ఊకెనే రాయరు బిడ్డా.”

“కమలమ్మా! నువ్వే గిట్లంటవా?”

“నేనేమంటున్న? తీసెయ్యి. వద్దన్ననా? గని నిలబడి పోవద్దు. మా ఇండ్ల ఆనవాయితీ లేదు. కూసో. చాయ్ తాగినంక తీసేద్దువు.”

నితీష్ కూర్చున్నాడు. ఆమె చెంబుడు నీళ్ళు అతని చేతికిచ్చింది. పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది. కిటికీ లోంచి గోడంత తెర మీద ఏదో వేషం లేచి పేరడుగుతోంది. దాని పైన ఖండప్ప రాసిన బోర్డు మెరుస్తోంది.

ఆమె పొయ్యి మంట సన్నం చేసింది.

“అయిందా కమలమ్మా?”

“అయితాంది బిడ్డా.”

అతను లాప్‌టాప్ పక్కన పెట్టి, జేబులోంచి బ్యాంకు పరీక్ష పుస్తకం తీసి పేజీ తిప్పాడు. కాసేపటికి మళ్ళీ తలెత్తాడు.

“ఇంక ఎంతసేపు?”

“గంత పెద్ద యంత్రమే లేచినంక గూడ మూడున్నర నిమిషాలు ఆగుతాంది. నువ్వు ఆగలేవా?” అంది కమలాబాయి. వెనక్కి తిరిగి, ఎవరూ చూడకుండా, మంటను ఇంకొంచెం సన్నం చేసింది.